పొడవు ఖాళీగా వదిలేస్తే

చిన్నకోడలు ల్యాప్‌టాప్ తెరిచిందంటే చాలు, పెద్దకోడలి కుట్టుమిషను చప్పుడు రెట్టింపయ్యేది.

అన్నదమ్ములిద్దరూ పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడ్డాక ఆ ఇల్లు ఆ మిషను మీదే నడుస్తోంది. ఒక సంస్థవాళ్ళు ల్యాప్‌టాప్ ఇచ్చి ప్రోగ్రామింగ్ ఉచితంగా నేర్పి, పరీక్షలో నెగ్గినవాళ్ళకు ఉద్యోగం చూపిస్తారని, అయితే ఇంటికొక్కరినే తీసుకుంటారని తెలిసినప్పుడు ముందు చెయ్యెత్తింది పెద్దకోడలే.

"నువ్వు మిషను దిగితే పొయ్యి వెలగదమ్మా. చిన్నదాన్ని వెళ్ళనీ. దానికి ఎలాగూ గుండీ కుట్టడం కూడా రాదు," అంది అత్తగారు.

పని రానిదానికి కుర్చీ, పని వచ్చినదానికి చాకిరీ. ఇదేం న్యాయమని పెద్దకోడలు రోజూ దీపం పెడుతూ దేవుణ్ణి అడిగేది. ఆయన ఉలుకూ పలుకూ లేకుండా ఉండేసరికి, ఆయనా అత్తగారి పక్షమేనేమో అనుకునేది.

పరీక్షకు చిన్నది తయారుచేస్తున్నది కూడా దర్జీలకు పనికొచ్చే ప్రోగ్రామే. నడుము, పొడవు కొలతలు ఇస్తే ప్యాంటుకు గుడ్డ ఎంత పడుతుందో అది చెప్పాలి. నా విద్యే పట్టుకెళ్ళి పైకొస్తుందన్నమాట అనుకునేసరికి పెద్దకోడలికి కడుపు మండిపోయింది.

"అక్కా, కాస్త నొక్కి చూడవూ? నీకైతే తప్పులు ఇట్టే కనిపిస్తాయి."

"నాకు ఇంకేం కనిపిస్తాయిలే!" అంటూ కూర్చుని నడుము దగ్గర సున్నా కొట్టింది. దానికీ ప్రోగ్రాం ఠంచనుగా గుడ్డ లెక్క చెప్పింది. పెద్దకోడలు పగలబడి నవ్వింది. "నడుమే లేనివాడికి ప్యాంటు కుడతావుటే!"

చిన్నది సరిచేసుకుంది. మర్నాడు పెద్దకోడలు అంకె బదులు 'సన్నమే' అని రాసింది. ప్రోగ్రాం బిక్కచచ్చి ఆగిపోయింది. "కొలత అడిగితే సగం మంది చెప్పేది ఇదే మరి," అని మళ్ళీ నవ్వింది. దాన్నీ చిన్నది సరిచేసుకుంది.

కొన్నాళ్ళకు గాని పెద్దకోడలికి సంగతి తట్టలేదు. తాను ఎంత దెప్పితే అది అంత బాగుపడుతోంది! తన అసూయ దానికి ఎరువవుతోంది!

పరీక్ష ముందురోజు సాయంత్రం మరో తప్పు దొరికింది. ఒకరి కొలతలు వేశాక, రెండోవారి పొడవు ఖాళీగా వదిలేస్తే, మొదటివారి పొడవునే పట్టుకుని లెక్క చెప్పేస్తోంది. పొట్టివాడికి పొడుగువాడి గుడ్డ!

పెద్దకోడలు నవ్వలేదు. "బాగానే ఉంది," అని లేచిపోయింది.

ఆ పూట దీపం వత్తి ఎన్నిసార్లు ఎగదోసినా నిలవలేదు. 'అసూయ తప్పే స్వామీ. కానీ తప్పులు పట్టే ఈ కళ్ళు నువ్విచ్చినవే కదా? వీటిని మూసుకోమనడం మాత్రం న్యాయమా?' అని అడిగింది. జవాబు రాలేదు. ఈసారి ఆ మౌనం అత్తగారి పక్షంలా మాత్రం అనిపించలేదు.

తెల్లవారి చిన్నకోడలు గడప దాటబోతుంటే పెద్దకోడలి చూపు కాళ్ళ మీద పడింది.

"అవి నా చెప్పులు!"

"నావి తెగిపోయాయక్కా. ఈ ఒక్కరోజుకీ..."

"చదువు నీదే, కుర్చీ నీదే, ఇప్పుడు చెప్పులూ నీవేనా!" అని గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆగు. లోపలికి రా. రెండోవాడి పొడవు ఖాళీగా వదిలేసి నొక్కి చూడు."

చిన్నది గుమ్మంలోనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి నొక్కి చూసింది. మొహం పాలిపోయింది. తర్వాత వేళ్ళు గబగబా కదిలాయి. సరిచేశాక తలెత్తింది.

"నిన్న నువ్వు నవ్వకుండా లేచిపోయావక్కా. అప్పుడే ఏదో ఉందనుకున్నా. ఎంత వెతికినా నాకు దొరకలేదు."

"మరి అడగలేదేం?"

"చెబుతావనుకున్నా."

అది తిట్టివుంటే బాగుండేదనిపించింది పెద్దకోడలికి.

"ఊరికే ఏం చెప్పలేదు," అంది కటువుగా. "నీకు ఉద్యోగం వస్తే పొయ్యి సంగతి నీది. అప్పుడు ఇంకో తరగతి ఎక్కడున్నా చూసి నన్ను చేర్పించాలి. అత్తగారితో కూడా నువ్వే చెప్పాలి."

"మరి మిషను?"

"నువ్వు తొక్కుదువుగాని. గుండీ కుట్టడంతో మొదలుపెట్టు."

చిన్నది నవ్వుతూ వీధిలోకి దిగింది. ఆ చెప్పులు దానికి వదులు. టపటపలాడిస్తూ తొందరగా నడిచిపోతోంది. ఆ నడక కూడా తనకన్నా బాగున్నట్టనిపించి, పెద్దకోడలికి లోపల ఎక్కడో మళ్ళీ చురుక్కుమంది.