వేపమండలు కట్టిన తలుపు

నర్మద తలుపుకు వేపమండలు కట్టింది. ఇంట్లో ఎవరికీ అమ్మతల్లి పోయలేదు. ఐదేళ్ల కొడుకు అంబదాస్ లోపల మంచం మీద చెక్కబండితో ఆడుకుంటున్నాడు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే మరి. తల్లి పోసిందంటే ఎవరూ గడప తొక్కరు, ఎందుకని అడగరు.

వాళ్లవి కుండమార్పిడి పెళ్లిళ్లు. నర్మద ఈ ఇంటికి కోడలుగా వస్తే, ఆడబిడ్డ కనకవ్వ నర్మద అన్న ఇంటికి కోడలుగా పోయింది. సిరిసిల్లలో ఎదురెదురు ఇళ్లు. రెండిళ్లలోనూ బట్ట నేసే సాంచాలే, రెండిళ్లలోనూ పిల్లలకు పుట్టుకతో ఒకటే జబ్బు. ముద్దు పెట్టుకుంటే పిల్లల బుగ్గలు ఉప్పగా తగులుతాయి. తిన్నది ఒంటబట్టదు, దగ్గు వదలదు. కనకవ్వకు చంటిపిల్ల ఉండటంతో, అంబదాస్‌తో పాటు ఆమె ఎనిమిదేళ్ల కూతురు రజితను కూడా నర్మదా, భర్త దశరథమే పట్నం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించారు.

"ఈ పాప తెమడలో ఒక మొండి క్రిమి ఉందమ్మా," అన్నాడు డాక్టరు. "మీకూ నాకూ దానితో ఏమీ కాదు. ఇదే జబ్బున్న ఇంకో బిడ్డకు అంటితే మాత్రం ఊపిరితిత్తులు తినేస్తుంది. మీ బాబుకు ఇంకా అంటలేదు. ఇద్దర్నీ ఒక గదిలో ఉంచకండి."

నర్మద కొడుకును దగ్గరికి లాక్కుంది. పట్నం వచ్చేటప్పుడు పిల్లలిద్దరూ ఒకే సీట్లో ఒరుసుకుని కూర్చున్నారు, ఒకే డబ్బాలో తిన్నారు. తిరుగు బస్సులో రజితను దశరథంతో ముందుకు పంపి, తను కొడుకును పట్టుకుని చివరి సీట్లో కూర్చుంది.

ఇంటికొచ్చి కనకవ్వ చేతిలో మందులైతే పెట్టింది. అసలు మాట మాత్రం చెప్పలేదు. నీ బిడ్డ నా కొడుక్కి విషమని చెప్పాలంటే గుండె కావాలి. నర్మదకు అంత గుండె లేదు, అందుకే ఈ మండలు.

మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు బాదారు. నర్మద కిటికీలోంచి చూసింది. పసుపునీళ్ల చెంబుతో కనకవ్వ, పక్కన తలంటుకున్న రజిత.

"వదినా, తల్లి మీ ఇంటికొచ్చిందట గదా! జర తలుపు తియ్యి. అంబదాసు కాళ్ల మీద నా బిడ్డతోని మొక్కిపిచ్చుకుంట. గీ మందులతోని ఏమైతలేదు. తల్లన్న సల్లగ జూత్తదేమో."

ఎంత తెలివిగా కట్టిన దడి! ఏ పిల్ల రాకూడదో ఆ పిల్లనే పిలుచుకొచ్చింది.

"వద్దు వదినా, పో!"

"గట్లంటవేంది? తల్లికి మొక్కద్దంటవా?" అంటూ కనకవ్వ తలుపు నెట్టింది. గడియ సరిగ్గా పడలేదేమో, బెత్తెడు సందు తెరుచుకుంది. ఆ సందులోంచే రజిత దగ్గింది. దగ్గు విని, "రజితా!" అంటూ అంబదాస్ మంచం దిగి ఉరికొచ్చాడు. నర్మద కొడుకును ఒక చేత్తో వెనక్కి తోసి, తలుపుకు వీపు ఆనించి గట్టిగా మూసింది.

"తల్లీ లేదు, ఏం లేదు! అబద్ధం జెప్పిన. నీ బిడ్డ దగ్గుల పురుగున్నది. డాక్టరే జెప్పిండు. అది అంటితే నా కొడుకు సస్తడు. దాన్ని తీస్కపో వదినా, నీ కాళ్లు మొక్కుత!"

నర్మద గడియ బిగించింది. అప్పుడు తలుపు అవతలే, మెల్లగా కనకవ్వ గొంతు.

"అంటితేనే నీ కొడుకు సస్తడా? మరి నా బిడ్డకు అంటుకునే ఉన్నది గదా వదినా. దాని సంగతేం జెప్పిండు?"

పట్నంలో డాక్టరును ఆ ఒక్క మాటా నర్మద అడగనే లేదు.