దించే చోటు లేని కాయ

నేను ఒక బూడిద గుమ్మడికాయను. చోడవరం అవతల ఒక పశువుల పాక మీద కాశాను. నన్ను నాటినవాళ్ళు లేరు. గిన్నెలు కడిగిన నీళ్ళలో గింజ కొట్టుకొచ్చి, పెంట పక్కన మొలిచి, తీగై పాకెక్కింది. పిందెగా ఉన్నప్పుడు ఒళ్ళంతా నూగు ఉండేది. పెరిగేకొద్దీ నూగు రాలి బూడిద పట్టింది. కదలడం నాకు చేతకాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీద చెప్పబోయేదంతా ఎవరో నన్ను ఎత్తడం, ఎవరో దించడం.

మా జాతికి మనుషులు మూడు దారులు పెట్టారు. ముక్కలై వడియాల్లో కలవడం ఒకటి. కొత్త ఇంటి గుమ్మానికి ఉట్టిలో వేలాడటం రెండోది. మూడోది, మనిషి చుట్టూ మూడుసార్లు తిరిగి, అతని మీద పడ్డ చెడు చూపులన్నీ మోసుకుపోయి నాలుగు రోడ్ల మీద పగలడం. చూసేది వాళ్ళు, చూపు తగిలేది వాళ్ళకి, పగిలేది మేము. అదేం న్యాయమో నాకు తెలియదు.

పాకవాడు నన్ను కోసి బస్సు మీద వేశాడు. గాజువాక రైతుబజారులో ఒకామె ముందు రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు అప్పలసూరి వచ్చాడు. డెబ్బై దాటినవాడు. నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీల వెనక ఇటుకలు మోసి, ఒక భుజం కిందికి వంగిపోయింది. నన్ను ఎత్తి, గోటితో గీరి, కింద పెట్టి, మళ్ళీ ఎత్తాడు.

“ఇంటికి కట్టడానికా బావూ?” అంది ఆమె.

“కాదు.”

“వడియాలకా?”

“కాదు.”

“మరేటికి?”

“బడికి.”

“ఈ వయసులో ఏటి సదువుతావు!” అని ఆమె పడిపడి నవ్వింది. అప్పలసూరి నవ్వలేదు. నన్ను భుజానికెత్తుకుని నడిచాడు.

అతను కూతురి దగ్గర ఉంటాడు. కూతురు పైడితల్లి తెల్లారకముందే రొయ్యల కంపెనీకి పోతుంది. అల్లుడు లారీ మీద ఒరిస్సా వైపు తిరుగుతుంటాడు. పిల్లలు ఇద్దరు. ఒకటో తరగతి చదివే జోషిక, నాలుగేళ్ళ లిఖిత్. వాళ్ళని చూసుకోవడం తాత పని.

నన్ను అరుగు మీద దించగానే జోషిక మొహం చిన్నబోయింది. బడివాళ్ళు ఇచ్చిన కాగితం తెచ్చి నా పక్కన పెట్టింది. దాని మీద గుమ్మడికాయ బొమ్మ నారింజపండు రంగులో ఉంది. మూడు మూలల కళ్ళు, రంపం లాంటి పళ్ళు.

“ఇది తెల్లగా ఉంది తాతా. హాలోవీన్‌కి ఇలాంటిది తేవాలి.”

“అదేటి?”

“దెయ్యాల పండగ. అందరూ దెయ్యం వేషం వేసుకొని, ఇంట్లో చేసిన గుమ్మడికాయ పట్టుకొని స్టేజీ మీద నడవాలి. ఇద్దరిద్దరు. హర్షిణి నా చెయ్యి పట్టుకుంటానంది.”

“దెయ్యాలకి పండగేటి?”

“ఏమో. మిస్సు చెప్పింది.”

పంద్రాగస్టుకి వేషం లేదని ఈ పిల్లని చివరి బెంచీలో కూర్చోబెట్టారు. ఆ రోజు సాయంత్రం అది అన్నం తినలేదు. అప్పలసూరికి గుర్తున్నది అదొక్కటే. ఈసారి పిల్ల నడవాలి. దానికోసమే నన్ను అంత దూరం మోసుకొచ్చాడు.

ఆదివారం పొద్దున్న ముగ్గురూ నా చుట్టూ కూర్చున్నారు. నారింజ రంగు లేదు. జోషిక వంటింట్లోకి పరిగెత్తి పసుపు డబ్బా తెచ్చింది. నీళ్ళలో కలిపి చిన్న చిన్న చేతులతో నా ఒళ్ళంతా పూసింది. చల్లగా, హాయిగా ఉంది. నోటికి ఎరుపు కావాలి. దేవుడి గూట్లోంచి కుంకుమ వచ్చింది. కళ్ళకి బొగ్గు. ముక్కుకి నిమ్మకాయ బాగుంటుందని అంది. దాన్ని గుచ్చడానికి నాకు గాటు పెట్టాలి. మొదటి గాటు ఆడపిల్ల పెట్టకూడదని తాత చాకు తీసుకుని ఒక గాటు పెట్టి, చాకు మళ్ళీ మనవరాలి చేతికిచ్చి, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“కోరలేవీ? దెయ్యానికి కోరలుండాలి!” అని గోల పెట్టాడు లిఖిత్. పచ్చిమిరపకాయలు రెండు చీపురుపుల్లలతో నా నోటికి ఇటొకటి అటొకటి గుచ్చారు.

అప్పుడు అప్పలసూరి కొంచెం వెనక్కి జరిగి నన్ను చూశాడు. పసుపు, కుంకుమ, బొగ్గు, నిమ్మకాయ, మిరపకాయలు. ఎన్ని ఇళ్ళు లేచాయో అతని కళ్ళ ముందు, ఎన్నింటికి తనే కట్టాడో ఇలాంటి కాయ! అతని నోరు తెరుచుకుంది. జోషిక చప్పట్లు కొడుతోంది. అతని నోరు మళ్ళీ మూసుకుంది. నాకు పెట్టిన నోరు ఎలాగూ తెరుచుకోదు. నోరున్నవాడు కూడా ఆ మాట అనలేదు.

పైడితల్లి సాయంత్రం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఒలమ్మో! ఇది బడికా, నాలుగు రోడ్లకా?”

“బడికే!” అంది జోషిక గట్టిగా.

పైడితల్లి తండ్రి వైపు చూసింది. అతను మనవరాలి దెయ్యం వేషానికి తన పంచెకి కళ్ళ దగ్గర రెండు చిల్లులు కత్తిరిస్తున్నాడు. ఉన్నవాటిలో మంచి పంచె అదే. ఆమె నవ్వేసి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయింది.

ముప్పై ఒకటో తారీఖున బడి గేటు దగ్గరికి వెళ్ళేసరికి పైన మావాడే ఒకడు నల్ల వలలో వేలాడుతున్నాడు. కార్లు దిగినవాళ్ళు వాడి కిందనుంచే లోపలికి పోతున్నారు. లోపల ప్లాస్టిక్ పుర్రెలు, రబ్బరు ఎముకలు, దూది సాలెగూళ్ళు. పిల్లలు పుర్రెల నోట్లో బిస్కెట్లు దాచుకుంటున్నారు. ఎవరికీ ఏ భయమూ లేదు.

అప్పలసూరి నన్ను స్టేజీ పక్కన మిగతా గుమ్మడికాయల వరసలో దించాడు. అంతే.

“అయ్యయ్యో! ఎవరు పెట్టారమ్మా దీన్ని ఇక్కడ?” అని ఒకామె అరిచింది.

“ఎవరికో దిష్టి దిగదీసింది. చూడండి, పసుపు కుంకుమ కూడా చెరగలేదు.”

“పిల్లలు తిరిగే చోటా? బుద్ధి ఉండక్కర్లా?”

నా చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఒకాయన, మొహానికి దెయ్యం రంగు పూసుకున్నవాడే, కొడుకుని చంకలో వేసుకుని దూరం జరిగాడు. హర్షిణి వాళ్ళమ్మ వచ్చి, జోషిక చేతిలోంచి తన కూతురి చెయ్యి లాగేసుకుంది. ఆ చెయ్యి చీర కొంగుతో తుడిచింది కూడా.

మిస్సు పరిగెత్తుకొచ్చింది. “జోషికా, ఇది నువ్వే చేశావా?”

పంచె చిల్లుల్లోంచి రెండు కళ్ళు నన్ను చూశాయి. తర్వాత హర్షిణిని చూశాయి.

“నేను కాదు మిస్. మా తాత చేశాడు. నాకేం తెలీదు.”

అందరూ అప్పలసూరి వైపు తిరిగారు. నా ఒంటి మీద చిన్న వేళ్ళ గుర్తులు పసుపులో ఇంకా ఉన్నాయి. ఎవరైనా వంగి చూస్తే కనిపించేవి. చూపించడానికి నాకు చేతులు లేవు.

“అవునమ్మా,” అన్నాడు అతను. “నానే సేసినాను. ఈ గుంటకి ఏటీ తెల్దు. దాన్ని నడవనియ్యండి.”

ఆ మనిషి నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం నేను అప్పుడే విన్నాను. మిస్సు మంచిదే. ఒక ప్లాస్టిక్ గుమ్మడికాయ తెచ్చి జోషిక చేతిలో పెట్టింది. “మీరు దాన్ని బయటికి తీసుకెళ్ళండి తాతగారూ, ఏమనుకోకండి,” అంది.

లిఖిత్‌తో పాటు గేటు బయట నిలబడ్డాం. దించబోతే వాచ్‌మన్ వద్దన్నాడు. అప్పలసూరి భుజం మీద నన్ను పెట్టుకునే కమ్మీల సందులోంచి చూశాడు. పిల్లలు ఇద్దరిద్దరు నడిచారు. చివర్లో, జత లేకుండా, తెల్ల పంచె ఒకటి నడిచింది. చప్పట్లు అందరికీ కొట్టినట్టే దానికీ కొట్టారు. అప్పలసూరి కొట్టలేకపోయాడు. రెండు చేతులూ నా మీద ఉన్నాయి.

జోషిక బయటికి వచ్చాక ఇంటి దారి పట్టాం. టిఫిను బండి దగ్గర ఆగి నన్ను దించబోయాడు.

“ఏయ్ ముసిలాయనా! మా బండి ముందా? పోపో!”

చెత్తబండి ఆమె కనిపిస్తే నన్ను ముందుకు చాపాడు.

“దిష్టికాయలు మేం ముట్టం బావూ. మాకు మాత్రం పిల్లల్లేరా?”

ఇంటికి తీసుకుపోదామంటే అతని కాళ్ళు ఆ వైపు పడలేదు. ఇంతమంది అన్నాక అతనికీ అనుమానం వచ్చింది. తన చేతులతో, తన వంటింటి పసుపుతో చేసిన కాయ. అయినా అనుమానం వచ్చింది. మనుషులంతే. సందు మొదట్లో నిలబడి అటూ ఇటూ చూశాడు. వంగిన భుజం మీంచి మంచి భుజానికి నన్ను మార్చుకున్నాడు. అతని మెడ మీద చెమటలో నా పసుపు కారుతోంది.

“తాతా, ఆగు,” అంది జోషిక.

ప్లాస్టిక్ కాయని తమ్ముడి చేతిలో పెట్టింది. “అది నాకియ్యి.”

“బరువమ్మా.”

“ఇయ్యి. నాదే కదా. నేను చేసిందే కదా.”

అప్పలసూరి మోకాళ్ళు వంచి, నన్ను దాని చేతుల్లో పెట్టి, చాలాసేపు వదల్లేదు. తర్వాత వదిలాడు.

నేను ఐదు కిలోల పైన ఉంటాను. కాస్త తేలికైపోదామని చూశాను. నా వల్ల కాలేదు. దాని గడ్డం నా బొగ్గు కళ్ళ మీద ఆనింది, ఊపిరి వేడిగా తగులుతోంది, వేళ్ళు జారుతున్నాయి. ఒక అడుగు వేసింది. పంచె కాళ్ళకి అడ్డం పడుతోంది. ఇంకో అడుగు వేసింది. నా కింద జానెడు దూరంలో, నాకు తగలకుండా, రెండు చేతులూ చాపుకొని తాత వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.