నేను సరే అన్నానట

"నిన్న నువ్వే సరే అన్నావుగా" అన్నాడు మా ఆయన, పొద్దున్నే నేను మాడిన గిన్నె తోముతుంటే.

దేనికి సరే అన్నాను? ఉద్యోగం మానెయ్యడానికట. షర్టుల ఫ్యాక్టరీలో చెకింగ్ పని నాది. కాలరు ఒక దారం వంకర పోయినా నా వేలికి తెలుస్తుంది. ఆ పని వదిలేస్తానని సోఫాలో కూర్చుని నా నోటితోనే చెప్పానట. ఆయన సూపర్‌వైజరుకి ఫోను కలిపిస్తే "అవును మేడమ్, ఇక రాను" అని కూడా అన్నానట. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. వండానట, వడ్డించానట, మధ్యలో నవ్వానట. నా బతుకు సంగతులు పక్కింటావిడ చెప్పే కబుర్లలా వినాల్సొచ్చింది.

ఈ మాత్రలు నిద్ర పట్టక మొదలయ్యాయి. ఎందుకు పడుతుంది? ఇంట్లో ఒక షిఫ్టు, ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు, మళ్లీ ఇంట్లో ఒకటి. ఒళ్లు మంచమెక్కినా బుర్ర రేపటి కూర దగ్గరే ఉంటుంది. వంటింట్లోకి వచ్చి ఒక్క పని అందుకున్నవాళ్లు లేరు గానీ, మంచినీళ్లతో మాత్ర అందించడానికి అందరూ తయారు. డాక్టరు కొన్నాళ్లకే రాసి, ఇక చాలంది. అప్పటికే మావాళ్లు రుచి మరిగారు. మింగింది నేను, రుచి మరిగింది వాళ్లు! నేను ఎదురు చెప్పడం మానేశాను కదా మరి. "ఇల్లు ఇప్పుడు ఇల్లులా ఉంది" అని మురిసిపోయాడు ఆయన. డాక్టరు రాయనంటే ఫోన్లో ఎక్కడో ఆర్డరు పెట్టాడు. "డాక్టరు రాసిందీ ఇదీ ఒకే కుటుంబం మందులు. చీటీ కూడా అక్కర్లేదు" అన్నాడు. నేను ఒక మాట తిరిగి అంటే చాలు, అత్తగారు హాల్లోంచి "అమ్మాయ్, మాత్ర వేసుకున్నావా?" అని కేకేసేది. ప్రశాంతత వాళ్లకి, మాత్ర నాకు.

ఆయన తెప్పించిన మొదటి రకం వేసుకుంటే నిద్ర వచ్చేది గానీ, సాయంత్రానికి చేతులు వణికి ఇంకొకటి కావాలనిపించేది. తర్వాత తెప్పించింది అలా కాదు. రోజుకి రోజునే మింగేస్తోంది.

గిన్నె అక్కడే పడేసి, రెండు ప్యాకెట్లూ సంచీలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

"ఇవన్నీ ఒకటే కుటుంబం అంటాడు మా ఆయన."

"మీరూ మీ అత్తగారూ ఒకటే కుటుంబం. ఇద్దరూ ఒకటేనా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. ప్యాకెట్లు తిప్పి చూసింది.

"దీనిమీద ఎటిజోలామ్ అని ఉంది. తొందరగా దిగిపోతుంది, దిగగానే ఇంకోటి కావాలంటుంది. రెండోదానిమీద ఫ్లూబ్రొమజోలామ్. దీన్ని ఎక్కడా మందుగా ఒప్పుకోలేదు. ఉప్పురవ్వంత చాలు మనిషిని పడెయ్యడానికి. చాలాసేపు ఒంట్లోనే ఉంటుంది. నిన్నటిది పూర్తిగా దిగకుండానే ఇవాళ్టిది పైన పడుతుంది. మనిషి నడుస్తుంది, మాట్లాడుతుంది. ఏదీ గుర్తుండదు. అయినా ఇవి పైన అచ్చేసిన పేర్లు. లోపల అదే ఉందని ఎవరు చూశారు? ఒక బిళ్లలో ఏమీ లేకపోవచ్చు, పక్కదాంట్లో రెండింతలు ఉండొచ్చు."

"నాకు మూత్రపరీక్ష చేస్తే తెలీదా?"

"మా మామూలు పరీక్ష ఈ జాతి మందు ఒంట్లో ఉందంటుంది, ఏ మందన్నది చెప్పదు. ఒక్కోసారి అసలు పట్టుకోదు. మద్యం, నొప్పి మాత్రలు, దగ్గు మందు ఏమైనా తీసుకున్నారా?"

"మొన్న దగ్గొస్తే ఆయనే సిరప్ పోశాడు. కోడీన్ ఉన్నది."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "కోడీనూ మత్తుదే. ఆ రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. అదృష్టం బాగుండి కూర్చున్నారు ఇక్కడ."

"ఇవాళే అన్నీ పారేస్తాను మేడమ్! ఒక్కటి ముట్టుకోను!"

"ఆ పని చేస్తే ఫిట్స్ వచ్చి పడిపోతారు. ఇన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపకూడదు. మోతాదు తెలిసిన మందుకి మార్చి కొద్దికొద్దిగా దించుతాను. నెలలు పడుతుంది. మందు మీ చేతిలోనే ఉండాలి, ఎవరి చేతిలోనూ కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టేసింది వాళ్లు. ముళ్లు విప్పుకోవాల్సింది నేను. అదీ నెమ్మదిగా, ఓపికగా, మధ్యలో వాళ్లకి వండిపెడుతూ! కోపం వచ్చినప్పుడు విసిరికొట్టే హక్కు కూడా లేకుండా చేశారు కదా.

ఆస్పత్రి మెట్ల మీదే సూపర్‌వైజరుకి ఫోను చేశాను.

"నిన్న నువ్వే కదమ్మా రానన్నావు? గొంతు నీదే."

"గొంతు నాదే మేడమ్. మాట నాది కాదు. నా టేబుల్ ఎవరికీ ఇవ్వకండి."

"నాలుగు రోజులు ఒళ్లు సర్దుకోనీ. ఉంచుతాలే" అంది.

ఇంటికి వచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. సంగతంతా ఆయనకీ అత్తగారికీ వినిపించేలా చెప్పాను, ఫిట్స్ సంగతితో సహా. "నా మందు ఇక నా దగ్గరుంటుంది. నేను దేనికి సరే అన్నానో నేనే చెబుతాను. మీరు చెప్పకండి."

"చూశావా అమ్మా? వేసుకోకపోతే ఎలా తయారవుతుందో!"

అత్తగారు తలూపలేదు. ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాక వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒక్కసారిగా ఆపితే నిజంగా ఫిట్స్ వస్తాయా అమ్మాయ్?"

"వస్తాయంది. ఎందుకత్తయ్యా?"

"వాడు నాకు బీపీ బిళ్ల అని చెప్పి ఒకటి ఇస్తున్నాడు. నీకిచ్చే ప్యాకెట్లోంచే తీస్తాడు." గొంతు తగ్గించింది. "మా అక్క మంచాన పడితే, చూడ్డానికి రానని నేనే చెప్పానంటాడు. మా అక్కని చూడనని నేనెందుకంటానే?"

"చెప్పులు వేసుకోండత్తయ్యా" అన్నాను. "డాక్టరమ్మ ఇంకా ఉంటుంది."