కల్నల్ గారి ఆకాశం

కల్నల్ థాక్స్‌టన్‌కు తన ఫొటో నచ్చలేదు.

"ఆకాశం మరీ ఖాళీగా ఉందోయ్. షికారుకెళ్ళినట్టుంది" అన్నాడు.

షికారే మరి! జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సులో, కాపలా లేని ఒక వంతెన మీద బాంబులు వేసి, భోజనం వేళకు ఇంగ్లండులో దిగిపోయాడు. శత్రువుల ఫిరంగి ఒక్కటీ పేలలేదు. పక్క విమానంలోంచి ఆ ఫొటో తీసింది సార్జెంట్ ఆరిన్ హాస్కెల్. ఉన్నది ఉన్నట్టు తీశాడు. లేని ఫిరంగి గుండ్లను ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఎక్కణ్ణుంచో కల్నల్ గారే సెలవిచ్చారు.

"మొన్న జర్మనీ మీద తీశావే, దాంట్లో గుండ్లు పేలిన పొగ భలే పడింది. నా విమానాన్ని కత్తిరించి అందులో అతికించు. పక్కన తగలబడుతున్నదాన్ని తీసెయ్, చూడ్డానికి బాగోదు. సాయంత్రం పత్రికలవాళ్ళొస్తున్నారు."

ఆరిన్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆ తగలబడుతున్న విమానం డెల్బర్ట్ ప్రూయిట్ నడిపినది. ఆ పొద్దున విమానం ఎక్కబోతూ, "ఒరేయ్, ఎప్పుడూ నా విమానం తోకే తీస్తావు. ఈసారైనా నా మొహం పడేట్టు తియ్యరా" అని వేళాకోళం చేశాడు డెల్బర్ట్. గుండు తగిలి రెక్క విరిగిన క్షణంలో ఆరిన్ వేలు దానంతటదే కెమెరా మీట నొక్కింది. ఒక్క పారాచూట్ కూడా తెరుచుకోలేదు. స్నేహితుడు ఎలా పోయాడో చెప్పడానికి మిగిలింది ఆ ఫొటో ఒక్కటే. ఇప్పుడు వాణ్ణి అందులోంచి చెరిపేసి, వాడి చుట్టూ పేలిన గుండ్లతో ఈయన వీరుడవుతాడట. సిగ్గుండాలి!

చీకటిగదిలో ఆరిన్ కత్తెర తీశాడు. కల్నల్ విమానాన్ని అంచు తెలియకుండా కత్తిరించి, అతికించి, మళ్ళీ ఫొటో తీసి పెద్దదిగా అచ్చు వేశాడు. డెల్బర్ట్ జోలికి మాత్రం పోలేదు.

సాయంత్రం భోజనశాలలో ఆరిన్ ఇచ్చిన ఫొటో కవరును కల్నల్ విప్పైనా చూడకుండా పత్రికలవాళ్ళ చేతిలో పెట్టాడు. అంత ధీమా! వాళ్ళలో ఒక పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుంది.

"అమ్మో, ఇన్ని గుండ్ల మధ్యలోంచి బతికి బయటపడ్డారా!"

"ఏదోనమ్మా, మా ఉద్యోగమే అది కదా" అని కల్నల్ వినయం ఒలకబోశాడు.

"మరి పక్కనే మనవాళ్ళ విమానం తగలబడుతోందే. మీరేమో తిన్నగా పోతున్నారు. అప్పుడేం చేశారు?"

కల్నల్ ఫొటో లాక్కుని చూశాడు. మొహం మెడ దాకా ఎర్రబడింది. ఆరిన్ వైపు కొరకొరా చూశాడు. ఆరిన్ చూపు తిప్పుకోలేదు. జైల్లో పెడితే పెట్టుకోమను.

"ఆవిడ అడుగుతున్నారు. చెప్పండి సార్" అన్నాడు.

చచ్చిపోతున్నవాణ్ణి వదిలేసి పోయాననాలి, లేదా ఫొటో అబద్ధమనాలి. కల్నల్ ఫొటోను బల్ల మీద పెట్టేశాడు.

"నేను... నేనక్కడ లేను."

"వీడున్నాడు" అన్నాడు ఆరిన్, మంటల మీద వేలు పెట్టి. "డెల్బర్ట్ ప్రూయిట్. విమానంలో ఉన్న మిగతావాళ్ళ పేర్లు కూడా చెప్తాను. రాసుకోండమ్మా."