అత్తగారి పన్ను, బావమరిది అద్దం

పళ్ళ డాక్టరు ముందు ఊరంతా నోరు తెరుస్తుంది గానీ, సొంత అత్తగారు మాత్రం తెరవదు. తెరిచినా చీవాట్లు పెట్టడానికే. పన్ను సలిపితే చాలు, అల్లుడి ఆసుపత్రి ముందునుంచే తలెత్తుకుని నడుచుకుంటూ నాలుగు వీధులవతల ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అదన్నమాట. పైగా ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అలాంటి మనిషి నమ్మకం సంపాదించడమంటే మాటలా! డాక్టరుకు పేరుంది, పనుంది, చెప్పిన మాట వినని భార్య ఉంది. లేనిదల్లా అత్తగారి మెప్పు. ఆవిడ ఒక్కసారి తన కుర్చీలో కూర్చుని "బాగా చేశారు అల్లుడుగారూ" అంటే జన్మ ధన్యమైపోతుందని ఆయన బాధ.

ఆ ఇంటి రెండో ఘనుడు బావమరిది. పరిశోధనలు చేస్తాడు. కంటికి ఆనని నలుసుల గురించి తప్ప ఇంకో మాట ఎత్తడు కాబట్టి కన్నతల్లితో సహా అందరూ వాడిని నలుసు అనే పిలుస్తారు. ఒకరోజు వాడు పెద్దపెద్ద అద్దాలు మోయించుకొచ్చి, అక్కతో బావకు చెప్పించి, ఆసుపత్రి కిటికీలన్నిటికీ బిగించేశాడు.

"ఈ అద్దంలో నానో నలుసులు పొదిగాం బావా. ఒక వెంట్రుక మందంలో వేలకు వేలు పడతాయి. ఎండలో కంటికి కనబడని కిరణాలుంటాయి చూడు, ఒళ్ళు మాడ్చేవి, వాటిని ఇవి మింగేస్తాయి. మింగి, వేరే వెలుగుగా మార్చి, అద్దం అంచులకు తోసేస్తాయి. అంచుల్లో సన్నటి సోలార్ పట్టీలు పెట్టాం. అక్కడ కరెంటు పుడుతుంది. మనకు కనబడే వెలుతురు మాత్రం ఎప్పట్లాగే లోపలికి వచ్చేస్తుంది."

"ఏపాటి కరెంటు పుడుతుందిరా?"

నలుసు గర్వంగా స్విచ్చి వేశాడు. వెయిటింగ్ రూములో అరచేయంత ఫ్యాను ఒకటి బాగా ఆలోచించుకుని, సరేలే అన్నట్టు తిరిగింది.

"దీని గాలికి ఈగ కూడా లేవదు కదరా!"

"ఇంకా మొదలే కదా బావా! మా పైవాళ్ళు నమ్మడం లేదు గానీ, ఆ కనబడని కిరణాల్లో ఒక్కదాన్ని కూడా నా అద్దం లోపలికి రానివ్వదు. కావాలంటే..." అని వాడు ఇంకా ఏదేదో చెప్పుకుపోయాడు. డాక్టరు పేషెంటును పిలిచేశాడు. నలుసు మాట చివరిదాకా విన్నవాళ్ళు ఆ ఇంట్లో ఎవరున్నారు గనక!

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారి ముందు పన్ను వేయించిన శనగలకు బలైపోయింది. ఆదివారమేమో పాత విద్యార్థులందరూ కలిసి బడి మైదానంలో ఆవిడకు సన్మానం పెట్టుకున్నారు. ఆ నాలుగు వీధులవతల డాక్టరు చూడబోతే ఊళ్ళో లేడు. ఎటూ పాలుపోక ఆవిడ అల్లుడి ఆసుపత్రి మెట్లెక్కింది.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అంటూ కుర్చీలో కూర్చుంది.

ఆ మాటకు ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవాళ్ళు. మన డాక్టరు పొంగిపోయాడు. కొలతలు తీసుకున్నాడు. విరిగిన పంటికి తొడిగే క్యాపులు తన చేత్తో తనే చేసుకునే మనిషి. పన్నంటే ఉత్త తెలుపు కాదు, అసలు పంటిలో లోపల్నుంచి ఓ సన్నటి మెరుపు ఉంటుంది. ఆ మెరుపు కోసం పింగాణీ పొడిలో ఇంకో పొడి చిటికెడు కలుపుతారు. డాక్టరు కలిపాడు, కాల్చాడు, ఎప్పటి అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూశాడు. మెరుపు లేదు. మళ్ళీ మొదలెట్టి ఇంకో చిటికెడు వేశాడు. అబ్బే! ఇంకో రెండు. ఊహూఁ! అత్తగారి పన్ను కదా, పిసినారితనం దేనికని డబ్బా బోర్లించేశాడు. చివరికి విసుగొచ్చి, రంగైతే కలిసింది, మెరుపు లేకపోతే పోయె అనుకుని ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే క్యాపు బిగించాడు. అత్తగారు చేతి అద్దం పట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు చూసుకుంది.

"ఫరవాలేదు" అంది.

ఆ నోట ఫరవాలేదంటే ఫస్టు క్లాసు కింద లెక్క. ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు.

అత్తగారు గడప దాటి ఎండలోకి అడుగుపెట్టింది. కారు డ్రైవరు బండిని వంకరగా ఆపి ఉంచాడు. "బండి పెట్టే పద్ధతి ఇదేనా?" అని ఆవిడ గద్దించింది. ఆ నోరు తెరుచుకోవడం, లోపల్నుంచి నీలం కలిసిన తెల్లటి వెలుగు భగ్గుమనడం ఒక్కసారే జరిగాయి. వెనకనుంచి ఏదో బండి లైటు వేసిందనుకుని డ్రైవరు పక్కకు తప్పుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ డాక్టరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అమ్మతో సన్మానానికి బయల్దేరిన నలుసు మాత్రం వెనకనుంచి చప్పట్లు కొట్టి గంతులేశాడు.

"బావా! నా అద్దం పనిచేస్తోంది!"

"అఘోరించావు! పన్ను వెలుగుతోందిరా!"

"అదే కదా రుజువు! నువ్వు వేసిన పొడి ఆ కనబడని కిరణాలు తగిలితేనే వెలుగుతుంది. నా అద్దం వాటిని మొత్తం మింగేసింది కాబట్టి లోపల నీకు మెరుపు కనబడలేదు. ఇంతకీ ఎంత వేశావు?"

"డబ్బాడు."

నలుసు గంతులు ఆపేశాడు.

ఇప్పుడేం చెయ్యాలి? క్యాపు ఊడదీయాలంటే కొయ్యాలి, దానికి టైము లేదు. నిజం చెబుదామా అంటే, తప్పు నా చేతిదంటే చేతకాని డాక్టరు, అద్దానిదంటే ఆవిడ ముద్దుల కొడుకు మీద చాడీ. అడకత్తెరలో పోకచెక్కయ్యాడు పాపం. మూలనున్న గొడుగు లాక్కుని పరిగెత్తాడు.

"ఈ పొద్దుటెండకు గొడుగెందుకు?" అంది అత్తగారు.

"మీ ఆరోగ్యం ముఖ్యం అత్తయ్యా."

మైదానంలోనూ వదల్లేదు. ఆవిడ ఎటు తిరిగితే అటు గొడుగు తిప్పాడు. ఆయనకున్న ధైర్యమల్లా ఒక్కటే. అత్తగారు నవ్వదు. నవ్వగా చూసినవాడు ఆ ఊళ్ళో లేడు. మాట్లాడినా పెదాలు బిగబట్టే మాట్లాడుతుంది. ఈ గంట గట్టెక్కితే చాలు దేవుడా అనుకున్నాడు.

జనం వచ్చారు. బట్టతలలూ బొజ్జలూ వచ్చినా, మేడమ్‌ను చూడగానే అందరూ చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆవిడ మైకు ముందుకొచ్చి, వెనకవాళ్ళకు కనబడడం లేదు, గొడుగు మూయమంది. హెడ్‌మిస్ట్రెస్ చెప్పాక మూయక చస్తాడా?

"క్రమశిక్షణ గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు" అని మొదలుపెట్టింది ఆవిడ. మధ్యమధ్య ఓ మెరుపు మెరిసింది గానీ, ఫొటోల లైటనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

"ఇవాళ నేను నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ మా అల్లుడుగారి చేతి మీద నాకు నమ్మకం లేదు. పొద్దుటినుంచీ చెయ్యి దించకుండా నాకు గొడుగు పట్టారు. కన్నకొడుక్కి తోచని పని."

అలా అని, వెనక్కి తిరిగి, అల్లుణ్ణి చూసి, నిండుగా నవ్వింది.

ఏళ్ళతరబడి ఎదురుచూసిన నవ్వది. దాన్ని కళ్ళారా చూద్దామంటే పాపం డాక్టరుకు కళ్ళు జిగేల్‌మన్నాయి.

ఆవిడ అదే నవ్వుతో జనం వైపు తిరిగింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాడు మోచేత్తో పొడిచి తనూ పకపకలాడాడు. ఇక ఆగిందా! మైదానం మొత్తం కడుపులు పట్టుకుంది.

"సైలెన్స్!" అని గర్జించింది ఆవిడ. ఆ అరుపుతో పన్ను మరింత బాగా కనబడింది. జనం కుర్చీల్లోంచి జారిపోయారు.

"నువ్వు, లే. ఎందుకు నవ్వుతున్నావు?"

లేచినాయన ఇప్పుడు పెద్ద పోలీసు ఆఫీసరు. చేతులు నలుపుకుంటూ, "మేడమ్, మరేమో... మీ పన్ను వెలుగుతోంది మేడమ్" అన్నాడు.

ఎవరిదో ఫోను అందుకుని ఆవిడ చూసుకుంది. ఎండలోకి తిరిగి చూసుకుంది, నీడలోకి తిరిగి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"ఎవరు చేశారీ పని?"

"వీడి అద్దమే అత్తయ్యా!" "బావ డబ్బాడు పొడి వేశాడమ్మా!" అని ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. డాక్టరుకు ఏడుపొక్కటే తక్కువ. అంతా అయిపోయింది, ఇంక ఈ జన్మకు ఆవిడ తన గడప తొక్కదు.

ఆవిడ జనం వైపు చూసింది. నోళ్ళకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, వణికిపోతూ, నవ్వు ఆపుకోలేక చస్తున్నారు.

"నేను నవ్వితే మీరు చెడిపోతారని ఇన్నేళ్ళూ బిగబట్టుకున్నాను" అంది మైకులో. "నవ్వకపోయినా మీరు బాగుపడిందేం లేదు. నవ్వండర్రా, నవ్వండి." అంటూ తనూ నోరారా నవ్వేసింది. అంతవరకూ ఆవిడను చూస్తే దడుచుకునే వాళ్ళంతా వేదిక చుట్టూ మూగి, మేడమ్ మళ్ళీ నవ్వండి, మళ్ళీ ఒక్కసారి అని బతిమాలుకోవడం మొదలుపెట్టారు.

డాక్టరు ఆ సందడిలోంచి తోసుకొచ్చి, "రేపే తీసేసి మంచిది వేస్తాను అత్తయ్యా, నన్ను క్షమించండి" అన్నాడు.

"దీని జోలికి వచ్చావంటే నీ పళ్ళు రాలగొడతాను" అంది ఆవిడ. మరుక్షణం ఎవరికీ వినబడకుండా దగ్గరికి జరిగి, "కింద వరసలో రెండు కదులుతున్నాయి నాయనా. రేపొస్తాను, కాస్త చూసిపెట్టు" అంది.

"అలాగే అత్తయ్యా" అన్నాడు డాక్టరు. ఈసారి గొడుగు మాత్రం తెరవలేదు.