రెఫుహియోకు రాని జవాబు

అక్షరం ఏ దేశాన పుట్టినా దానికి తల్లివైన వాగ్దేవీ! నీ పాదాలకు నమస్కరించి, నా మీటల మీదుగా జరిగిన ఒక అపరాధాన్ని విన్నవించుకుంటున్నాను.

నేను ఒక టైపు మిషనును. కర్మాగారంలో నన్ను పరీక్షించినవాడు వర్ణమాలంతా ఒకసారి కొట్టి, తృప్తిగా తల ఊపాడు. ఈ నోటితో ఏమేమి పలికిస్తారో అతడు ఆలోచించలేదు. యంత్రాలు చేసేవారికి ఆ అలవాటు లేదు.

మెక్సికో నగరంలో ఒక పాత కూడలి. అక్కడి రాతి కమానుల కింద చదువురానివారికి ఉత్తరాలు రాసిపెట్టే దోన్ ఎలాదియో బల్ల మీద నాకు ముప్పై ఏళ్ళు గడిచాయి. ఆయన విన్నమాట పెదవి దాటేది కాదు. వేళ్ళు వంకరపోయాక ఆయన కూతురు ఒతీలియా నా ముందు కూర్చుంది. ఆమె కథలు రాసేది. అప్పటికి ఒక్కటీ అచ్చు కాలేదు.

పూలమ్మే రెఫుహియో తన కుమారుడు చెమోకు ఆమె చేతనే ఉత్తరం రాయించింది. పనికోసం ఉత్తరాదికి వెళ్ళిన అతని జాడ తెలియక రెండేళ్ళయింది; చివరిసారి తెలిసిన చిరునామాకే రాయించింది. "నీ చొక్కా ఇంకా ఉతకలేదు నాయనా, నీ వాసన పోతుందని," అని ఆమె చెప్పినప్పుడు ఒతీలియా వేళ్ళు క్షణకాలం ఆగాయి. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు.

ఒతీలియా ఆ మాటలనే నవలగా మలచింది. చివర కొడుకు జవాబును తానే కల్పించింది. బహుమతులు వచ్చాయి. పత్రికలవారు నాకు కూడా ఫొటో తీశారు.

ఒకనాడు ఒతీలియా, ఆమె తండ్రి బల్ల దగ్గర ఉండగా రెఫుహియో ఆ పుస్తకం పట్టుకుని వచ్చింది. "మన పిల్ల పేరు రేడియోలో చెప్పారు! చదివి వినిపించండి దోన్ ఎలాదియో, మీ గొంతు ఎలాగూ ఖాళీగానే ఉంది," అని నవ్వింది.

ముసలాయన చదవసాగాడు. చొక్కా మాట దగ్గర ఆయన పుస్తకం దించి కూతురి వైపు చూశాడు.

"ఆగారేం? అది నా ఉత్తరమే. చదవండి, వాడేమన్నాడు?"

దారిలేక ఆయన జవాబు కూడా చదివాడు. ఆమె లేచి ఒతీలియా రెండు చేతులూ పట్టుకుంది.

"వాడు రాశాడా! నీ దగ్గరే దాచుకున్నావా, దొంగపిల్లా? సాయంత్రం బస్సుకే పోతాను, చిరునామా చెప్పు తల్లీ."

"అమ్మా... అది నేను రాసింది."

ఆమె చేతులు వదిలేసింది. పూలబుట్ట ఎత్తుకుంటూ, "చాలా బాగా రాశావు," అంది. ఆ మాటలో నింద లేదు. ఉంటే ఒతీలియా బతికిపోయేది.

అటుపిమ్మట ఆమె కథ రాయలేదు. ఉత్తరాది ఎడారులు తిరిగి, జాడ తెలియనివారిని గురించి వ్యాసాలు రాసింది. ప్రతి పేరునూ విచారించి గాని నా మీద కొట్టేది కాదు. ఆమె కల్పనాశక్తి ఎండిపోయిందని విమర్శకులు జాలిపడ్డారు. దొరికినవారి, చనిపోయినవారి జాబితాలు వెతికినా చెమో పేరు ఎక్కడా దొరకలేదు. రెఫుహియో ఎదురుచూస్తూనే కన్నుమూసింది.

నేనిప్పుడు ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో ఉన్నాను. వచ్చినవారు నా ముందు నిలిచి, ఆ నవలలో కొడుకు జవాబు ఎంత బాగుందో చెప్పుకుంటారు. నేను వింటాను.

ఈ కథ విన్నవారందరికీ వాగ్దేవి మేలుచేయుగాక! ఎదురుచూసే ప్రతి తల్లికీ, చేదైనా సరే, నిజమైన జవాబే అందుగాక!