పంచనామాలో చోడి చేను

భోగాపురం దాటి కారు మట్టిరోడ్డులోకి తిరిగేసరికి కృపానిధికి ఒంట్లో హుషారు పుట్టింది. పాతికేళ్లుగా ఆయన బ్యాంకుల తరఫు వకీలు. బాకీదారుడి ఆస్తి స్వాధీనం చేసుకునే రోజున కొత్త చొక్కా వేసుకుంటాడు, రెండు ఇడ్లీలు ఎక్కువ తింటాడు. అదెందుకో ఒకసారి తనలో తానే వెతుక్కున్నాడు. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఎదుటివాడి వేళ్లు వణుకుతాయి. ఆ వణుకు చూడడం తనకిష్టం. అది తెలిశాక వెతకడం మానేశాడు.

పక్కన ఝాన్సీ కూర్చుంది. స్వాధీనం జరిపించి, అక్కడ ఉన్నదున్నట్టు పంచనామా రాయమని కోర్టు పంపిన వకీలు. తొమ్మిదేళ్ల క్రితం విజయనగరంలో ఆయన దగ్గరే జూనియరు. "ప్రతిదానికీ అసలు కాగితం ఏదని అడిగేదానివి, వకీలు పనెందుకు నీకు? తహశీల్దారు ఆఫీసులో అటెండరుగా చేరు" అని నలుగురి ముందూ పంపేశాడు. దారి పొడవునా ఆమె కిటికీలోంచే చూసింది. అదే ఆయనకు కంపరంగా ఉంది. తిడితే బాగుండును.

ముందు సీట్లో బ్యాంకు ఆఫీసరు గిరిబాబు, వెనక మోటారు సైకిలు మీద కానిస్టేబులు.

కారు దిగగానే కృపానిధి కాళ్లు నిలిచిపోయాయి. ఒక మూల జీడిపప్పు షెడ్డు ఉంది. మిగతా నేలంతా పచ్చగా, మోకాలెత్తున చోడి, అదే రాగి పైరు.

ఈ భూమి మీద అప్పు ఇవ్వొచ్చని రిపోర్టు రాసింది ఆయనే. సాగుభూమి కాదని, వ్యవసాయేతర భూమిగా మార్పిడి పూర్తయిందని రాశాడు. స్థలం చూడలేదు. బురద తొక్కడం సర్వేయరు పని అనేవాడు.

షెడ్డు మెట్టు మీద ధనలక్ష్మి కూర్చుని ఉంది. బాకీ ఆమెదే. యాభై దాటిన రైతు మనిషి, ఒళ్లో ప్లాస్టిక్ సంచి. లేవలేదు.

"ఏటి బాబూ, ఇంతమంది వచ్చినారు? చోడి కోతకింకా రెండు నెల్లున్నాది. కూలికి తొందరపడి వచ్చేసినారేటి?"

కానిస్టేబులు నవ్వు దాచుకుంటూ తల అటు తిప్పుకున్నాడు.

"మేం వస్తామని తెలిసి మొన్న నాట్లేశావు. ఇలాంటి నాటకాలు చాలా చూశాను" అన్నాడు కృపానిధి.

"మొన్న నాటితే మోకాలికొచ్చేస్తాదేటి? మీ ఇంటికాడ అలగే పండుతాదా?" సంచిలోంచి ఒక్కో కాగితం తీసి మెట్టు మీద పరిచింది. ఏటేటా సర్కారు చేసిన పంట నమోదు. అప్పు తీసుకున్నప్పటి నుంచి తొమ్మిదేళ్లవీ ఉన్నాయి. "మార్పిడికి సొమ్ము కట్టినాను. రసీదిచ్చినారు. ఆర్డరు రానేదు. షెడ్డు మూలకేసుకుని మిగతాది దున్నుకుంటన్నాను. మీ బ్యాంకుకి ఏ వకీలు సూసి సెప్పినాడో గానీ, కళ్లు మూసుకుని సూసినాడు."

గిరిబాబు ముఖం ఆయన వైపు తిరిగింది. "ఆర్డరు చూశారు కదా సార్? సాగుభూమైతే ఈ స్వాధీనం చట్టం కింద మనం చెయ్యే వెయ్యలేం. రిపోర్టు తప్పని తేలితే మీ పేరు అన్ని బ్యాంకులకీ పోతుంది. తరవాత ఎవరూ ఫైలివ్వరు."

"చూసే రాశాను."

ఆ మాట నోట్లో ఉండగానే ఆ రోజు గుర్తొచ్చింది. ఏడు రిపోర్టులు ముగించాలి. పాత రిపోర్టులోని పేరానే ఇందులోకీ ఎక్కించమన్నాడు. "సార్, ఇది రసీదే, ఆర్డరు కాదు" అంది టైపు చేస్తున్న పిల్ల. "నువ్వు టైపు కొట్టు" అన్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు గట్టు మీద నిలబడి కలం మూత తీస్తోంది.

ఝాన్సీని షెడ్డు వెనక్కి పిలిచాడు. బతిమాలాలని వెళ్లాడు గానీ నోరు దాని అలవాటు అది మానలేదు. "షెడ్డు, ఖాళీ స్థలం అని రాయి. చాలు."

"పైరునేం చెయ్యమంటారు?"

"కలుపు."

"చోడంబలి తాగి బడికెళ్లినదాన్ని సార్. కలుపని రాస్తే మా అమ్మే నవ్వుతాది."

"రేపు బార్ అసోసియేషన్‌లో నీ ముఖం ఎవడు చూస్తాడు?"

"మీరు పంపేసిన రోజు నుంచీ ఎవరూ చూడలేదు. అలవాటైపోయింది." గొంతులో వేడి లేదు. "ఆ రసీదు నాకు గుర్తుంది సార్. అది నేను రాయను, నా పని కాదు. కళ్లకు కనబడిందే రాస్తాను."

తిరిగొచ్చి రాసింది, అందరికీ వినపడేలా చదివింది. షెడ్డు పది సెంట్లు. మిగతా ఎకరం ఇరవై సెంట్లూ చోడి పైరు, మోకాలెత్తు. పంట నమోదు కాగితాలు తొమ్మిది, జతచేయడమైనది. కోర్టు మళ్లీ చెప్పేదాకా తాళం వేయడం లేదు.

"బ్యాంకు తరఫు వకీలు సంతకం పెట్టాలి. పెట్టనంటే ఆ మాటా రాస్తాను."

కృపానిధి కలం తీసుకున్నాడు. కాగితం మీద ఆనించేసరికి మొన గీత తప్పింది. వేళ్లు తన మాట వినడం లేదు. తలెత్తితే ధనలక్ష్మి ముఖం చూడడం లేదు, చేతినే చూస్తోంది. ఆ చూపు ఆయనకు కొత్తది కాదు. లోపలి నుంచి ఎరిగిన చూపది. ఆ క్షణంలో ఆమెను అసహ్యించుకున్నంతగా జన్మలో ఎవరినీ అసహ్యించుకోలేదు.

సంతకం పెట్టాడు.

గిరిబాబు అప్పటికే ఫోనులో ఎవరికో రిపోర్టు తారీకు చెబుతున్నాడు. ఫోను పెట్టి, కారు తలుపు తెరిచి ఝాన్సీని ఎక్కమని, కృపానిధి వైపు తిరిగాడు. "ఆఫీసు వాళ్లతో ఫోనులో మాట్లాడాలి సార్, ఫైలు సంగతి. మీరు మెయిన్ రోడ్డు మీద ఆటో పట్టుకోండి."

కారు వెళ్లిపోయింది. మట్టిరోడ్డు చుట్టు తిరిగి పోతుంది, చేను మీదుగా అయితే దగ్గర. ఆయన కొత్త చొక్కా, నల్లబూట్లతో బురదలో అడుగు పెట్టాడు.

"బాబూ" వెనక నుంచి ధనలక్ష్మి పిలిచింది. "గట్టు మీంచి నడు. పైరు తొక్కేస్తన్నావు."